పొరుగు భాషలు, తోబుట్టువు భాషలు

హైదరాబాదులో రేడియో మొదట గొంతు విప్పింది అబిడ్స్‌లో. అక్కడి చిరాగ్ అలీ లేన్‌లో, తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని సొంతంగా ప్రసారాలు నడిపారు. తర్వాత నిజాం ప్రభుత్వం ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. దక్కన్ రేడియోలో పెద్దపీట ఉర్దూది. తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలూ ఉండేవి. నిజాం రాజ్యం అంటే ఈ నాలుగు భాషల రాజ్యం అని మనం బడిలో చదువుకున్నాం. కాని ఆ రాజ్యంలో గోండీ కూడా ఉంది. కోయ, కోలామీ, లంబాడీ ఉన్నాయి. ఈ రోజు నా ప్రసంగంలో ఆ నాలుగు భాషలతోపాటు వీటికీ చోటు ఇవ్వాలని నా కోరిక.

భారతీయ భాషల వైవిధ్యం అనగానే దేశపటం ముందేసుకుంటాం. అంత దూరం పోనక్కర్లేదు. నాంపల్లి స్టేషన్ చాలు. 1907లో కట్టిన స్టేషన్ అది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ మద్రాసుకు, గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నానికి, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ బొంబాయికి వెళ్తున్నాయి. బండి దిగిన మనిషి బయటికి రాగానే ఆటో బేరం ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీలో మొదలవుతుంది. స్టేషన్ రోడ్డులోనే హిందీ ప్రచార సభ ఉంది. 1935 నుంచి ఈ నగరానికి హిందీ నేర్పుతున్న సంస్థ అది. కొంచెం ఇటు నడిస్తే యూసుఫైన్ దర్గా. అరబ్బీ ప్రార్థనలు, ఉర్దూ ఖవ్వాలీలు. అబిడ్స్ వైపు తిరిగితే తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు. 1943లో పుట్టి, ఊరూరా తెలుగు పరీక్షలు పెట్టి వేలమందికి అక్షరాలు దిద్దించింది. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పట్టుమని పది అడుగులు వేయకముందే ఉర్దూ నవల, తెలుగు నిఘంటువు, ఇంగ్లీషు వ్యాకరణం పక్కపక్కనే కనిపిస్తాయి. జనవరి వచ్చిందంటే నాంపల్లి మైదానంలో నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఈ మైదానానికి మారిన ఆ ప్రదర్శనలో కశ్మీరీ శాలువాల వర్తకులు తమలో తాము కశ్మీరీలో మాట్లాడుకుంటారు. మనం దగ్గరికి వెళ్లగానే ఉర్దూకు మారతారు.

ఈ రణగొణ ధ్వనికి ఒక క్రమం ఉంది. భారతదేశంలోని భాషలు ముఖ్యంగా నాలుగు కుటుంబాలవి. 2011 జనగణన ప్రకారం జనంలో 78 శాతం మంది ఇండో-ఆర్యన్ భాషలు మాట్లాడతారు. హిందీ, ఉర్దూ, మరాఠీ, బెంగాలీ, కశ్మీరీ, మన తండాల లంబాడీ అన్నీ ఆ కుటుంబమే. 19 శాతానికి పైగా ద్రావిడ భాషలవాళ్లు. మిగిలిన కొద్దిపాటిలో సంతాలీ, ముండారీ, సవర వంటి ఆస్ట్రో-ఏషియాటిక్ భాషలు ఒక శాతం. మణిపురి, బోడో వంటి టిబెటో-బర్మన్ భాషలు మరో శాతం. అంకెలు చూసి ఆ చివరి రెండింటినీ చిన్నవి అనుకోవద్దు. మన సవరలు మాట్లాడే భాషకు చుట్టరికం కాంబోడియా ఖ్మేర్‌తో ఉంది, వియత్నామీస్‌తో ఉంది. శ్రీకాకుళం కొండల్లో ఒక అవ్వ మనవడికి చెప్పే కథకు అంత దూరపు బంధువులున్నారు.

భాషలు రెండు రకాలుగా దగ్గరవుతాయి. ఒకటి పుట్టుక. రెండోది పొరుగు. నా మాటంతా ఈ రెండింటి చుట్టూనే.

పొరుగు అంటే ఏమిటో అబిడ్స్‌లో వినవచ్చు. ఇక్కడి దక్కనీ పుట్టుకతో ఉత్తరాది భాష. 14వ శతాబ్దంలో ఢిల్లీ సైన్యాలతో, సూఫీలతో, వర్తకులతో దక్కనుకు వచ్చింది. వచ్చి ఊరకే ఉండలేదు. దక్కనీలో వద్దు అనడానికి ‘నక్కో’ అంటాం కదా, అది మరాఠీ ఇచ్చిన మాట. అంతకన్నా లోతైనది తెలుగు ఇచ్చింది. తెలుగులో కారణం చెప్పబోతూ ‘ఎందుకంటే’ అంటాం. ‘ఎందుకు’కు ‘అంటే’ చేర్చుతాం. దక్కనీ మాట్లాడేవారు ‘కాయ్‌కూ బోలేతో’ అంటారు. ‘కాయ్‌కూ’ అంటే ఎందుకు, ‘బోలేతో’కు అర్థం ‘అంటే’. మాటలన్నీ ఉత్తరాదివి, కూర్పు మాత్రం అచ్చంగా మనది. ‘వస్తానని చెప్పాడు’లోని ఆ ‘అని’ ఉంది చూశారూ, దాన్ని ‘బోల్‌కే’గా మార్చుకుని వాక్యంలో అదే చోట నిలబెట్టుకుంది దక్కనీ. ఇది ఎవరూ కూర్చుని చేసింది కాదు. మొజంజాహీ మార్కెట్లో పండ్ల బేరంలో, ఇంటి అరుగుల మీద, బడిలో, కచేరీలో, తరతరాల సహవాసంలో జరిగింది. మనమూ ఊరకే లేం. కచేరీ, వకీలు, దస్తావేజు, జమీను, హామీ — ఇవి లేకుండా ఈనాటికీ తెలుగులో కోర్టు కాగితం నడవదు. 1956లో అమెరికన్ పండితుడు ఎమెనో భారతదేశమంతా ఒకే భాషా మండలమని రాశారు. వేర్వేరు కుటుంబాల భాషలు ఒక నేల మీద కలిసి బతికి ఒకదాని పోలికలు ఒకటి తెచ్చుకున్నాయన్నది ఆయన వాదన. ఆ వాదన వినడానికి గ్రంథాలయం దాకా పోనక్కర్లేదు, అబిడ్స్ చౌరస్తాలో నిలబడితే చాలు.

ఇక పుట్టుక. ఇక్కడే మనం చాలాకాలం పొరబడ్డాం.

దక్కనులో దొరికే తొలి రాతలు మన భాషలవి కావు. 1915లో మస్కిలో అశోకుడి శాసనం బయటపడింది. మస్కి అప్పట్లో నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేది. అశోకుడి పేరు సూటిగా చెప్పిన మొదటి శాసనంగా అది ప్రపంచ ప్రసిద్ధమైంది. హైదరాబాదు పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొట్టమొదట అచ్చువేసింది దాన్నే. ఆ శాసనం భాష ప్రాకృతం. ఆ బండ చుట్టూ ఉన్న జనం ఇళ్లలో మాట్లాడుకున్న భాష రాయి మీదికి ఎక్కలేదు. పూర్తిగా తెలుగులో శాసనం కనిపించడానికి క్రీ.శ. 575 ప్రాంతం దాకా, కడప జిల్లా రేనాటి చోళుల దాకా ఆగాలి. రాత ఆలస్యంగా వచ్చిందంటే భాష ఆలస్యంగా పుట్టిందని కాదు. 2018లో 20 ద్రావిడ భాషలను పోల్చి చూసిన ఒక అంతర్జాతీయ బృందం ఈ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని లెక్కగట్టింది. సింధు నాగరికత జనమూ ద్రావిడ భాషే మాట్లాడారా అంటే, సింధు లిపిని ఇంతవరకూ ఎవరూ చదివి ఒప్పించలేదు కనుక ఆ ప్రశ్న అలాగే ఉంది.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని చాలా ఇళ్లలో ఇప్పటికీ చెబుతారు. ఆ మాట నిజం కాదని 1816లోనే తేలింది. మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే మూలానివని, ఆ మూలం సంస్కృతం కాదని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ రాసిన ప్రసిద్ధ పుస్తకం వచ్చింది ఆ తర్వాత 40 ఏళ్లకు. ఎల్లిస్‌కు ఆ ధాతువుల పట్టిక కూర్చి ఇచ్చింది పట్టాభిరామశాస్త్రి అనే మన పండితుడు. ఆయన ఆధారపడ్డవాటిలో మచిలీపట్నం మామిడి వెంకయ్య నిఘంటువూ ఒకటి. దేశ్యం వేరు, తత్సమం వేరు, తద్భవం వేరు అని మన వ్యాకర్తలు ఎప్పటినుంచో విడదీసి పెట్టుకున్నారు. ఎల్లిస్ నడిచింది ఆ బాటలోనే. పరిశోధన చరిత్రలో ఈ తెలుగు పేర్లు ఎల్లిస్ పేరు పక్కనే రావాలని గట్టిగా నమ్ముతాను.

సంస్కృతం తల్లి కాదని తేలింది. మరి మన తోబుట్టువులెవరు? తమిళం, కన్నడం అంటాం. సినిమాలు కలిసి చూశాం, కావ్యాలు పంచుకున్నాం, లిపి కన్నడంతో పంచుకున్నాం. కాని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చూపించిన వంశవృక్షం వేరు. 1928లో ఒంగోలులో పుట్టి, ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైన మనిషి ఆయన. ఆ విశ్వవిద్యాలయం కూడా మొదట మొదలైంది నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే, సరోజినీ నాయుడు కుటుంబం ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు ధాతువుల మీద, 1969లో అరకు వైపు కొండల్లో వినిపించే కొండ భాష మీద, 2003లో ద్రావిడ భాషలన్నింటి మీద పుస్తకాలు తెచ్చారు. ఆయన లెక్కలో తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖది. ఆ శాఖలో మనతో ఉన్నవి గోండీ, కుయి, కువి, కొండ, పెంగో, మండ. తమిళ కన్నడాలు మనకు పెద్దమ్మ పిల్లలు. ఒక కడుపున పుట్టినవాళ్లు అడవుల్లో ఉన్నారు.

ఇది కాగితం మీది మాట కాదు, చెవికి తెలిసే మాట. వినండి. తమిళంలో ఇరండు, తెలుగులో రెండు, గోండీలో రండ్. ముందున్న అచ్చు తమిళంలో నిలిచింది, మనకూ గోండీకీ జారిపోయింది. తమిళంలో అవన్, కన్నడంలో అవను. మనకు వాడు. పాత తెలుగు శాసనాల్లో వాన్ఱు. కొండ భాషలో ఈనాటికీ వాన్ఱు. పదమూడు వందల ఏళ్ల కిందటి మన మాట అరకు సంతలో బతికి ఉంది. మాట మొదట్లో అచ్చూ హల్లూ చోట్లు మార్చుకునే ఈ తీరు ఈ శాఖకు గుర్తు. తమిళ ఉరల్ మనకు రోలు అయింది అలాగే. ఈ మార్పు ఒక్కసారిగా రాలేదని, మాట తర్వాత మాటగా, ఒక భాష నుంచి ఒక భాషకు శతాబ్దాలపాటు పాకుతూ వచ్చిందని కృష్ణమూర్తిగారు 1978లో నిరూపించారు. ప్రపంచ భాషాశాస్త్రం ఆ వ్యాసాన్ని నెత్తిన పెట్టుకుంది.

గోండీ అంకెలు ఏడు దాకా చెబుతాను. ఊరును బట్టి పలుకు కాస్త మారుతుంది. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏడుంగ్. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు వినిపించండి. ఏది ఎంతో చెప్పకుండానే సగం పట్టేస్తారు.

ఇంకొకటి. ‘అన్న వచ్చాడు, అక్క వచ్చింది, ఆవు వచ్చింది’ అంటాం. అక్కకూ ఆవుకూ ఒకే క్రియారూపం. తమిళుడికి ఇది వింతగా ఉంటుంది. వాళ్లకు అక్క ‘వందాళ్’, ఆవు ‘వందదు’. కన్నడంలోనూ అంతే, స్త్రీకి వేరే రూపం ఉంది. కాని గోండీ, కుయి, కొండ భాషలన్నీ మనలాగే. పురుషుడు ఒక పక్క, మిగతా లోకమంతా ఒక పక్క. ఇది మన వ్యాకరణ లోపమని సిగ్గుపడేవాళ్లున్నారు. సిగ్గు ఎందుకు? అది మన శాఖ ముద్ర. అయితే బహువచనంలో మనం తోబుట్టువుల దారి విడిచాం. అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. గోండీలో బహువచనంలో కూడా పాత పద్ధతే నడుస్తుంది, స్త్రీలు పురుషులతో కలవరు. తమిళ కన్నడాల పొరుగు వల్లే తెలుగు ఇక్కడ మారిందని ఒక వివరణ. ఒక్క క్రియాపదంలో ఏకవచనం పుట్టుకను చెబుతోంది, బహువచనం పొరుగును చెబుతోంది.

మనం నోరు విప్పిన ప్రతిసారీ గోండు ఇంటి పోలిక బయటపడుతోంది. ఆ ఇంటికి మనం ఏం చేశాం?

1921 నవంబరులో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. అబిడ్స్‌కు నడక దూరంలోని వివేకవర్ధిని థియేటర్లో సంఘసంస్కరణ సభ. అధ్యక్షులు మహర్షి కార్వే. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవారిని సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల చేశారు, మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన అవమానమది. ఆ వెంటనే కొద్దిమంది చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అప్పటికి 20 ఏళ్ల ముందే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట పడనివ్వక 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి చూపించారు. 1985 డిసెంబరు 2న నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. నోరు మూయించిన చోట ఒక భాష గ్రంథాలయంతో, పత్రికతో, పరిషత్తుతో, విశ్వవిద్యాలయంతో నిలబడింది. అబిడ్స్, నాంపల్లి, ఈ రెండు పేటల మట్టిలో ఆ చరిత్ర ఉంది.

గోండులకు అదే శతాబ్దం వేరుగా గడిచింది. 1940లో నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కొమురం భీం జోడేఘాట్ దగ్గర నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త సలహా తీసుకుంది. ఆయన అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ పెట్టించారు, గోండీలో వాచకాలు తయారుచేయించారు. తర్వాత 1956 వచ్చింది. భాషను బట్టి రాష్ట్రాలు గీశారు. ఆ గీతతో తెలుగువాళ్లం ఒకటయ్యాం. అదే పద్ధతి గోండులను మూడు నాలుగు రాష్ట్రాలకు పంచింది. ఎక్కడికక్కడ తక్కువమంది అయ్యారు, ఏ రాష్ట్రానికీ వాళ్ల భాష రాజభాష కాలేదు. 2011లో గోండీ తమ భాష అని చెప్పినవారు దాదాపు 30 లక్షలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న కొంకణి కన్నా, మణిపురి కన్నా, బోడో కన్నా, డోగ్రీ కన్నా ఇది ఎక్కువ. గోండీకి మాత్రం ఆ షెడ్యూలులో చోటు లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీకి సొంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆ లిపిలో బడి పుస్తకం పిల్లవాడి సంచిలోకి ఎక్కాలి.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు అది. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయనను తలుస్తాం. ఆయన అంతకు ముందునుంచీ సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టించి, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చుకు తెచ్చారు. సవరకు తెలుగుతో పుట్టుక సంబంధం లేదు, పొరుగు సంబంధమే. పొరుగు భాష కోసమే ఆయన అంత చేస్తే, తోబుట్టువు భాష కోసం మనం ఎంత చేయాలి? ఆ దినోత్సవం నాడు మన సభల్లో గోండీ, కోయ, సవర మాట్లాడేవారిని వేదిక మీద కూర్చోబెట్టి, వాళ్ల భాషలోనే మాట్లాడించి, మనం కూర్చుని వినాలి. ఇది ప్రభుత్వం కోసం ఆగాల్సిన పని కాదు. తెలుగు సంఘం ఏదైనా చేయగలదు.

మరొక పని దగ్గర్లోనే ఉంది, మన భాషల లెక్క సరిగ్గా రాయించుకోవడం. గ్రియర్సన్ అనే అధికారి 1894 నుంచి 1928 దాకా నడిపిన మహా భాషా సర్వే 179 భాషలు, 544 మాండలికాలు లెక్కించింది. మద్రాసు, మైసూరు, హైదరాబాదు మాత్రం ఆ సర్వే పరిధిలోకి రాలేదు. మనకు భాషల లెక్క అంటే జనగణనే. 2011లో జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వడపోశాక మిగిలిన భాషలు 121. పదివేల మంది కన్నా తక్కువ చెప్పిన భాష పేరు ఆ జాబితాలో ఉండదు. లంబాడీ అని చెప్పిన 32 లక్షలకు పైగా జనాన్ని హిందీ కింద కలిపారు. వాళ్లు తమ భాష పేరు చెప్పబట్టే ఆ 32 లక్షల అంకె అయినా మన దగ్గర ఉంది.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 లెక్క తేదీ. ఇంటికి వచ్చిన ఉద్యోగి మాతృభాష అడుగుతారు, ఆపైన తెలిసిన మరో రెండు భాషలు అడుగుతారు. నాంపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకునే గోండు విద్యార్థులు, కోయ విద్యార్థులు, నగరంలో కూలికి వచ్చిన తండాల అన్నదమ్ములు ఈ ప్రసంగం వింటుంటే వారికి నా విన్నపం. పై అధికారికి తెలుగు తేలిక అనో, అడిగినవాడికి మీ భాష పేరు తెలియదనో తెలుగు రాయించకండి. ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతారో ఆ పేరు చెప్పండి. రాసేవారు తడబడితే అక్షరం అక్షరం చెప్పి రాయించండి. లెక్కకు వెళ్లే ఉపాధ్యాయులు, ఉద్యోగులు కూడా చెప్పిన పేరు చెప్పినట్టే రాయండి. గోండీ అంటే గోండీ. కోలామీ అంటే కోలామీ.